సాక్ష్యం టీచరూ, స్వభావం గడీ

అయ్యా,

పేరు: బడిలో అందరూ పిలిచేది సాక్ష్యం టీచరు. వయస్సు: యాభై రెండు. నాకు పరిచయం: పద్నాలుగేళ్ళు. ఉద్యోగం: మా పాఠశాలలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతి. గుణగణాలు: ఒక్కటే. కంటితో చూడనిది ఒక్క ముక్క రాయరు, మరొకరిని రాయనివ్వరు. ఎవరైనా ఎవరినైనా "మంచి" అన్నా, "చెడ్డ" అన్నా, "మీరేం చూశారండీ?" అని అడగనిదే ఊరుకోరు.

సదరు టీచరును గురించి ఒక పుటకు మించకుండా ఒక పరిచయ పత్రం పంపవలసిందని తమ కార్యాలయం నుంచి మా ప్రధానోపాధ్యాయురాలికి ఉత్తరం వచ్చింది. ఆవిడ దానిని తెచ్చి నా బల్ల మీద పెట్టి, "మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, మీరే రాయండి బాబాయిగారూ" అన్నారు. నేను ఈ బడి కార్యాలయంలో నకళ్ళు తీసే గుమాస్తాను. ఒకరు రాసినదాన్ని అందంగా తిరగరాయడమే తప్ప సొంతంగా ఒక వాక్యం కట్టిన పాపాన పోలేదు. కనుక పుట మించితే తమరు మన్నించాలి.

ముందుగా, వ్యవహారం ఇంత దూరం ఎలా వచ్చిందో మనవి చేసుకుంటాను. ఆ తరగతిలో ప్రతి బిడ్డకూ విడిగా ఒక ప్రణాళిక ఉంటుంది. ఈ బిడ్డ ఇప్పుడేం చేయగలదు, ఈ ఏడు ఏం నేర్పాలి, దానికి ఎవరి సాయం, ఎంత సాయం కావాలి అన్నవి రాసిపెట్టే ఫైలు అది. తమ కార్యాలయం అచ్చు వేయించిన నమూనాలో మొదటి పుటలోనే, పేరు, వయస్సు, చిరునామాల కింద, "స్వభావం" అని అగ్గిపెట్టెంత గడి ఒకటి ఉంది. ఒక్క మాట పట్టే చోటు. శాంతం, మొండి, దుడుకు, చంచలం, ఏదో ఒకటి రాసి ముందుకు సాగిపోవాలి. సదరు టీచరు వచ్చిన నాటి నుంచీ ఆ గడిని ఖాళీగా వదిలేస్తున్నారు. ఇన్నాళ్ళూ అది ఎవరి కంటా పడలేదు. ఈ సంవత్సరం ఫైళ్ళన్నీ కంప్యూటరుకు ఎక్కించవలసి వచ్చింది. యంత్రం ఖాళీని ఒప్పుకోలేదు. ఖాళీ గడి కనిపిస్తే "లేదు" అని నింపడం ఏ కార్యాలయంలోనైనా ఆచారమే కనుక, తమ ఆపరేటరు తరగతి మొత్తానికీ "స్వభావం: లేదు" అని కొట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

అటు తరువాత మెమో వచ్చింది. "ఒక తరగతిలోని విద్యార్థులందరికీ స్వభావం లేకపోవుట ఎట్లు సంభవించినది? తక్షణమే సంజాయిషీ ఇవ్వవలెను."

టీచరు ఇచ్చారు. నకలు నేనే తీశాను. "పిల్లలకు స్వభావం ఉంది. గడిలో పట్టదు." అంతే. సంతకం.

దాని మీద రెండో మెమో. గడులన్నీ నింపాలి, లేనిచో సదరు టీచరును తరగతి నుంచి తప్పించి పాఠ్యపుస్తకాల గోదాముకు పంపుతాము అని. గోదాములో పుస్తకాలకు స్వభావం రాయనక్కరలేదు కనుక ఆవిడకు అక్కడ సుఖమే. అవస్థంతా మా తరగతికి. అందుకని, అయ్యా, తమరు నిర్ణయించే ముందు ఈ మనిషి ఎటువంటి మనిషో వినవలసిందిగా కోరుతున్నాను.

ఆవిడ చేరిన కొత్తలో, తరగతిలో ఒక పిల్లవాడి ఫైలు డ్రాయింగు మాస్టారు రాశారు. "మిక్కిలి మొండివాడు" అని. నేను ఆ "మిక్కిలి"ని ఎంతో ముద్దుగా, చక్కటి గుడి పెట్టి నకలు తీశాను. టీచరు ఆ కాగితం పట్టుకుని డ్రాయింగు గదికి వెళ్ళారు. వెంట నేనూ వెళ్ళాను, నకలు ఎక్కడ నలిగిపోతుందోనని.

"మాస్టారూ, ఈ మొండితనం ఎంత పొడుగుందండీ?"

"మొండితనానికి పొడుగేంటమ్మా?"

"మిక్కిలి అని రాశారు కదా. కొలిచారేమో అనుకున్నా."

"నన్ను ఆటపట్టిస్తున్నావా?"

"అయ్యో, లేదండీ. మీరేం చూశారో చెప్పండి, అది రాద్దాం."

"కుర్చీలో కూర్చోమంటే కూర్చోడు. నేల మీద చతికిలబడతాడు. బతిమాలినా అంతే, గదమాయించినా అంతే."

"భలే చెప్పారు. ఇదే రాయాల్సింది. ఏ కుర్చీ?"

"ఏ కుర్చీ అయితే ఏం, కుర్చీ కుర్చీయే కదా."

"ఒక్కసారి మీరు అందులో కూర్చోండి."

మాస్టారు దర్జాగా కూర్చున్నారు. కూర్చున్న దర్జాకీ లేచిన వేగానికీ పొంతన లేదు. కుర్చీలో మేకు తేలి ఉంది. వడ్రంగి వచ్చి రెండు దెబ్బలు వేశాడు, మొండితనం వదిలిపోయింది. ఫైలులో "మేకు దిగగొట్టించిన తరువాత కూర్చున్నాడు" అని చేరింది. ఆ సాయంత్రం మాస్టారి ఇంటావిడ ప్యాంటుకు పడిన చిరుగు చూసి, ఇదెక్కడిదని అడిగితే, "బడిలో మొండితనం గుచ్చుకుంది" అని ఆయన చెప్పినట్టు నాకు తెలియవచ్చింది.

ఈ జబ్బు అంటురోగం వంటిది. ఆరు నెలలు తిరిగేసరికి బడి అంతా పాకింది. "టీ బాగుందా?" అని మా అటెండరు అడిగితే ఎవరూ "బాగుంది" అనే సాహసం చేయరు. "రెండో గుటక కూడా తాగాను" అంటారు. "బాగున్నారా?" అంటే, "మెట్లెక్కేటప్పుడు మోకాలు పట్టింది, దిగేటప్పుడు వదిలింది" అని జవాబు వస్తుంది. పొద్దున్నే గేటు దగ్గర నలుగురు పలకరించుకుంటే ఆసుపత్రి ముందు నిలబడినట్టుంటుంది.

ఆవిడ భర్త గడియారాలు బాగుచేస్తారు. నా చేతిగడియారం ఆయన దగ్గరే తరచు మకాం వేస్తుంది కనుక వారి సంసారం సంగతులు నాకు కొంత తెలుసు.

"మీ ఇద్దరికీ ఎప్పుడూ మాటామాటా రాదాండీ?" అని ఒకనాడు అడిగాను.

"రావాలని నాకూ ఉంటుంది గుమాస్తాగారూ. రానివ్వదు. 'నువ్వెప్పుడూ నా మాట వినవు' అంటానా, 'ఎప్పుడూ అంటే? నిన్న గొడుగు పట్టుకెళ్ళమన్నారు, పట్టుకెళ్ళాను కదా' అంటుంది. 'సరే, ఒక్కోసారి వినవు' అంటాను. 'ఏ ఒక్కోసారి?' అంటుంది. అది గుర్తు తెచ్చుకునే లోపల అన్నం చల్లారిపోతుంది. ఒక్క కోపానికి అంత సాక్ష్యం ఎక్కడ పోగుచేయను? నాకు దుకాణం ఉంది."

ఆయనకు తడి తువ్వాలు మంచం మీద పడేసే అలవాటుండేది. దానికి ఆవిడ తరగతిలో పిల్లలకు చేసినట్టే చేశారు. మొదట చెయ్యి పట్టుకుని తీగ దగ్గరికి తీసుకెళ్ళడం. కొన్నాళ్ళకు చెయ్యి వదిలేసి నోటితో చెప్పడం. తరువాత నోరు కూడా మూసుకుని కంటిసైగ. చివరికి ఏ సాయం లేకుండా.

"ఇప్పుడు ఏ మెట్టు మీదున్నారు?" అన్నాను.

"కంటిసైగ దగ్గర ఆగిపోయాను. ఏడేళ్ళైంది. మొన్న తను వాళ్ళ చెల్లెలింటికి వెళ్తే మళ్ళీ మంచం మీదికే వచ్చింది తువ్వాలు. తనతో చెప్పకండి."

"అడిగితే?"

"అడిగితే చెప్పేయండి. అబద్ధం మనకి నిలవదు."

పక్కింటి అత్తగారు ఒకావిడ కోడలి మీద చాడీలు చెప్పుకోవడానికి సాయంత్రంపూట వీరింటికి వచ్చేవారు. చాడీ అంటే ఆవేశంగా సాగవలసిన ప్రక్రియ. మధ్యలో అడ్డుప్రశ్నలు పనికిరావు.

"మా కోడలికి నేనంటే గిట్టదమ్మా."

"ఏం చూశారు పిన్నిగారూ?"

"పలకరిస్తే మూతి బిగించుకుని వెళ్ళిపోతుంది."

"ఏ వేళప్పుడు?"

"పొద్దున లేవగానే."

"ఒక నాలుగు రోజులు సరిగ్గా చూసి చెప్పండి, ఆలోచిద్దాం."

ఆవిడ నాలుగు రోజులు చూసి వచ్చారు, ముఖం వేలాడేసుకుని. "పొద్దున పూట దాని నోట్లో బ్రష్షుంటుందమ్మా" అన్నారు. "పగలంతా బాగానే మాట్లాడుతోంది. ఇప్పుడు నేనెవరి మీద చెప్పుకోను?" అప్పటి నుంచి ఆవిడ చాడీలకు వీధి చివర మరొక ఇల్లు చూసుకున్నారు.

ఇక తమరికి తెలియవలసిన అసలు మనిషి, ఎనిమిదేళ్ళ బాలిక. మాటలు లేవు. తలుపు గొళ్ళేలంటే ప్రాణం కనుక మా ఆయా పెట్టిన ముద్దుపేరు గొళ్ళెం. ఈ బిడ్డ నిరుడు మరొక బడి నుంచి వచ్చింది. వచ్చిన వారానికే ఆయా ఉరుకులు పరుగుల మీద ఫిర్యాదు తెచ్చింది.

"టీచరమ్మా, ఈ పిల్ల మహా అల్లరి చేసింది ఇవాళ."

"అల్లరంటే ఏం చేసింది?"

"గొళ్ళేలన్నీ తీసేసింది. సామాన్ల గదిది, బాత్రూములది, పెద్ద టీచరమ్మగారి బీరువాది."

"మళ్ళీ వేసిందా?"

"వేసిందిలే."

"అయితే తీసి వేసింది అని రాయాలి. తీసింది అని ఊరుకుంటే ఎలా?"

"వేసినప్పుడు ఒకదాన్లో నేనున్నాను తల్లీ."

"అదీ రాద్దాం. ఎవరు తీశారు?"

"అదే తీసింది. నేను తలుపు బాదుతుంటే వచ్చి తీసి, నా మొహం చూసి నవ్వి, మళ్ళీ వేసేసింది."

టీచరు నవ్వు ఆపుకోలేక కలం కింద పెట్టేశారు. ఆయాకు మొదట కోపం వచ్చింది, తరువాత తనూ నవ్వింది. ఆ ఏటి ప్రణాళికలో "తలుపు వేసే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూచుట" అని ఒక లక్ష్యం చేరింది. ఇప్పుడా బిడ్డ ప్రతి తలుపు దగ్గరా వంగి కింద సందులోంచి పాదాలు వెతికిగానీ గొళ్ళెం వేయదు. అప్పుడప్పుడు మా ప్రధానోపాధ్యాయురాలి గది తలుపు కింద కూడా చూస్తుంది. ఆవిడ లోపలి నుంచి చెప్పు కదిపి తానున్నట్టు తెలియజేస్తారు.

రెండో మెమో గడువు తీరిన నాడు తమ కార్యాలయం తనిఖీ అధికారిగారు స్వయంగా వచ్చారు. భారీ విగ్రహం, చేతిలో నల్లటి చేతిపెట్టె. సరిగ్గా ఆ రోజే గొళ్ళెం ప్రణాళికకు ఏడాది సమీక్ష. బిడ్డ తల్లి కుట్టు దుకాణం నుంచి మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చి చివరి కుర్చీలో కూర్చుంది. ఆవిడ ఏ సమావేశానికి వచ్చినా నేల వంక చూస్తూ కూర్చుని, చూపించిన చోట సంతకం పెట్టి వెళ్ళిపోతుంది. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో అప్పటిదాకా నేను ఎరగను.

"అమ్మా, నాకు సాయంత్రం బస్సుంది" అన్నారు అధికారిగారు. "ఒక్కో పిల్లకి ఒక్కో మాట. గంటలో అయిపోతుంది. మీరు చెప్పండి, మీ గుమాస్తాగారు రాసేస్తారు."

"నేను చూసింది రాయడానికి ఆ గడి సరిపోదండీ."

"మీరు రాయకపోతే పాత బడివాళ్ళు రాసిందే ఎక్కిద్దాం. ఈ పిల్లది ఇదిగో. 'దుడుకు, విధ్వంసక స్వభావం.' నిక్షేపంలా ఉంది."

తల్లి తల ఇంకా కిందికి వంగింది. టేపు వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది.

"ఎవరు చూశారు సార్?" అన్నారు టీచరు.

"పాత టీచరు."

"ఏం చూశారు?"

"విధ్వంసం."

"ఏం విరిగిందట?"

అధికారిగారు పుట తిప్పారు. "రాయలేదు."

"ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

ఇంకో పుట తిప్పారు. "అదీ రాయలేదు."

"మరి విధ్వంసం ఎక్కడ జరిగింది సార్?"

"ఫైల్లో జరిగినట్టుంది" అని మా ప్రధానోపాధ్యాయురాలు మెల్లగా అన్నారు.

అదే సమయానికి బల్ల కింద "టక్" మని చప్పుడైంది. అందరం వంగి చూశాం. గొళ్ళెం అధికారిగారి చేతిపెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. కుడివైపు గొళ్ళెం అప్పటికే తెరిచింది.

"చూశారా, చూశారా" అన్నారు అధికారిగారు. "నా పెట్టె. దీన్నేమంటారు మరి?" అంటూనే, ఎందుకో గొంతు తగ్గించి, "ఆ ఎడంవైపుది రాదమ్మా. అది ఎప్పుడో ఇరుక్కుపోయింది. నేను స్కేలు పెట్టి లేపుతాను" అన్నారు.

బిడ్డ ఆ గొళ్ళేనికి చెవి ఆనించింది. కాస్త పక్కకు జరిపింది. నొక్కింది. టక్.

పెట్టె నోరు తెరిచింది. లోపలి నుంచి మెమో నకళ్ళు, ఒక దువ్వెన, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, ఒక జత మేజోళ్ళు నేల మీద పడ్డాయి. బిడ్డ వాటి వంక ఒకసారి చూసి, ఒక్కొక్కటే లోపల పెట్టి, మూత వేసి, రెండు గొళ్ళేలూ బిగించింది.

అధికారిగారు, అంత మనిషీ, బల్ల పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నారు.

"ఇంకోసారి తియ్యి తల్లీ."

టక్.

"స్కేలు లేకుండా ఎలా వచ్చింది? ఇంకోసారి."

"సార్, మీ బస్సు" అన్నారు ప్రధానోపాధ్యాయురాలు.

"ఉండండమ్మా."

టీచరు అప్పటికే రాసేశారు. చదివారు: "కొత్త మనిషి పెట్టె దగ్గరికి తనంతట తానే వెళ్ళింది. ఇరుక్కున్న గొళ్ళేన్ని కుడిచేత్తో నొక్కి తీసింది. పడిన వస్తువులు సర్ది మూత వేసింది. అడిగితే మళ్ళీ తీసింది."

"ఎడం చేత్తో."

ఆ గొంతు ఎవరిదో మాకు తెలియలేదు. చుట్టూ చూశాం. తల్లి తలెత్తి ఉంది.

"కుడిచేత్తో పెట్టె పట్టుకుంది. నొక్కింది ఎడం చేత్తోనండీ. నేను చూశాను."

"అవునా? నేను సరిగ్గా చూడలేదు" అని టీచరు కొట్టేసి దిద్దారు. "ఇంకా ఏం చూశారు?"

అంతే, ఆనకట్ట తెగింది. "ఇంట్లో నా మిషను డబ్బాకి కూడా అంతే చేస్తుందండీ. ముందు వింటుంది, తరవాత తీస్తుంది. దారపు ఉండలన్నీ బయటికి తీసి, రంగు చూసి, మళ్ళీ పెట్టేస్తుంది. నల్లది మాత్రం ఇవ్వదు, దాచుకుంటుంది. ఇదండీ మా పిల్ల. మీరు చదివింది మా పిల్ల గురించే."

"మీ పిల్ల గురించి కాక ఎవరి గురించి చదువుతారమ్మా?" అన్నారు నేల మీద నుంచి అధికారిగారు.

"ఆ పాత కాగితంలో ఉన్నది మా పిల్ల కాదు సార్. అది చదివినప్పుడల్లా ఎవరి పిల్లనో పొరపాటున ఎత్తుకొచ్చానేమో అనిపించేది. మా ఆయనకి కూడా చూపించకుండా బట్టల పెట్టె అడుగున పెట్టేశాను. ఇది మాత్రం నాకో కాపీ ఇవ్వండి. దుకాణంలో అందరికీ చదివి వినిపిస్తాను."

నేను అక్కడికక్కడే నకలు తీయడానికి కూర్చున్నాను. కానీ నకలు తీయడానికి అసలు స్థిరంగా ఉంటేనా? "చెవి పెట్టి విన్నది, ఆ మాట రాయలేదేం?" అని అధికారిగారు అభ్యంతరం చెప్పారు. "చెవి పెట్టింది జరిపిన తరవాత సార్" అని ప్రధానోపాధ్యాయురాలు. "ముందేనమ్మా, నా పెట్టె, నాకు తెలియదా?" "పెట్టె మీదే గానీ కళ్ళు నావి సార్." ఆయా తలుపు దగ్గర నిలబడి ఇద్దరూ తప్పేనంది. తల్లి ముగ్గురినీ కాదంది. చివరికి బిడ్డను మళ్ళీ తీయమన్నారు. ఆవిడగారు అందరి వంకా చూసి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, తీయనని తల అడ్డంగా ఊపింది. టీచరు అది కూడా రాసుకున్నారు. బస్సు ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు.

వెళ్ళేటప్పుడు అధికారిగారు, "నాకు అర్థమైందమ్మా. కానీ గడి నా చేతిలో లేదు. యంత్రం ఖాళీని ఒప్పుకోదు. పైవారే నిర్ణయించాలి" అన్నారు. ఆ పైవారు తమరే.

అందరూ వెళ్ళాక నేను అడిగాను. ఇంత గొడవ ఎందుకు, ఒక మంచి మాట రాసేస్తే పోయేది కదా, "శాంతం" అని రాస్తే ఎవరికి నష్టం అని.

"బాబాయిగారూ, పిల్ల ఏ కొత్త చోటికి వెళ్ళినా ఆ గడిలో మాట దానికంటే ముందు వెళ్ళి గుమ్మంలో కూర్చుంటుంది. ఇక ఎవరూ పిల్లని చూడరు, ఆ మాటనే చూస్తారు. మంచి మాటైనా అంతే. శాంతం అని రాశాననుకోండి, పాపం ఒక రోజు దానికి కోపం రావాలంటే ఎలా?"

పద్నాలుగేళ్ళ పాటు దీనిని నేను చాదస్తం అనుకున్నాను. ఆవిడ ఎవరికీ చెప్పకుండా చేస్తూ వచ్చింది గుమ్మాలు ఊడ్చిపెట్టే పని. పిల్లలు తమ కాళ్ళతో తాము లోపలికి వెళ్ళేందుకు.

కాగా, తనిఖీ అధికారిగారు నిన్న ఫోను చేశారు. వారింట్లో ఒక ఇనప్పెట్టె కూడా చాలాకాలంగా ఇరుక్కుని ఉందనీ, వచ్చే వారం తీసుకురావచ్చునా అనీ అడిగారు. ప్రయాణ భత్యం మంజూరు తమ పరిధిలోని విషయం.

కావున, పై సంగతులన్నిటినీ తమ దృష్టికి తెచ్చి, సదరు టీచరు తరఫున వినయపూర్వకంగా అర్థించునది ఏమనగా: రెండో మెమోను ఉపసంహరించి, ఆవిడను ఆవిడ తరగతిలోనే కొనసాగించవలసినదిగా కోరుతున్నాను. "స్వభావం" అను గడిని నమూనా నుంచి తొలగించవలసినదిగా కోరుతున్నాను. యంత్రం ఒప్పుకోని కారణంగా గడి ఉండితీరాలన్నచో, దాని కింద ఒక చిన్న నిబంధన అచ్చు వేయించవలసినదిగా ప్రార్థన: ఈ గడిలో ఏ మాట రాయదలచినవారైనా, రాసే ముందు, ఆ మాటను ఆ బిడ్డ తల్లి ఎదుట నిలబడి, ఆమె ముఖం చూస్తూ, పైకి చదవవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
నకళ్ళ గుమాస్తా